గట్టు దాకా పోయే టైర్లు

ఖమ్మం బైపాస్ దగ్గర

అద్దాల తలుపులున్న ఆ టైర్ల షోరూం పేరు రాయను. రాస్తే వాళ్లకు ఊరికే ప్రచారం చేసినట్టవుతుంది. లోపల చల్లగా ఉంది. బల్ల వెనక కూర్చున్న అతను నన్ను చూసి, నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపు చూశాడు. ఎవరూ రాలేదు.

"జీపు టైర్లా మేడమ్? సార్‌ను పంపియ్యండి, మేం మాట్లాడుకుంటం," అన్నాడు.

సారు పోయి ఏడాది కావస్తోందని అతనికి చెప్పలేదు. ఎదురుగా కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోమనలేదని మాత్రం గుర్తుపెట్టుకున్నాను. బయటికి వచ్చి ఆటో ఎక్కి, మా ఆయన ఎప్పుడూ వెళ్లే ఖాజా భాయ్ దుకాణానికి వెళ్లాను.

ఖాజా భాయ్‌ది తండ్రి నాటి దుకాణం. కుర్చీ తుడిచి వేశాడు. చాయ్ తెప్పించాడు. "నాకెవ్వరు చెప్పలేదమ్మా. తెలిస్తే రాకుండ ఉందునా? సారు నాకు తమ్ముని లెక్క," అన్నాడు. మా బోనకల్లుకూ ఖమ్మానికీ మధ్య పొద్దస్తమానం బస్సులు తిరుగుతాయి, రైళ్లు తిరుగుతాయి. చావు కబురుకు మాత్రం దారి దొరకలేదట. చాయ్ బాగుంది. అది వేరే సంగతి.

మూడు టైర్లు తెచ్చి గోడకు ఆనించాడు. మొదటిది రోడ్డు టైరు. దాని మీద గీతలు దువ్వెన పళ్లలా సన్నగా, దగ్గరదగ్గరగా ఉన్నాయి.

"తారు రోడ్డు మీద దీన్ని మించింది లేదమ్మా. సప్పుడు రాదు, డీజిల్ తక్కువ తాగుతది. కని బురదల పెట్టినవంటే గీతలల్ల మట్టి ఇరుక్కొని గుండు అయితది. ఇగ చక్రం ఉన్నకాడనే తిరుగుతది."

మూడోది అచ్చంగా బురద కోసం చేసింది. అరచేయంత రబ్బరు ముద్దలు, మధ్యలో వేళ్లు దూరేంత సందులు. "గిది పొలాలల్ల తిరిగేటోళ్లకు. వాన పడ్డ తారు మీద జారుతది. గిదేసుకొని భద్రాచలం పోయినవంటే నీ చెవులు పోతయ్," అన్నాడు.

నడిమిది ఆల్ టెరైన్. తారుకూ మట్టికీ కూడా పనికొచ్చేది. దిమ్మలు మరీ పెద్దవి కావు. సందులు మాత్రం పట్టిన మట్టి తిరుగుడుకు బయటికి రాలిపోయేంత ఉన్నాయి. పక్క గోడ మందం. అడవిలో కొట్టేసిన వెదురు మోడు గుచ్చుకున్నా తొందరగా చీలదు. ధర మొదటిదాని కన్నా బాగా ఎక్కువ.

"ఇవే వేయండి," అన్నాను.

"సారు గూడ ఎప్పుడు గివే. కని మోత వస్తది, మైలేజి తగ్గుతది. మల్ల ఖాజా భాయ్ చెప్పలేదు అనొద్దు."

ఆ మోత నాకు కొత్త కాదు. మా ఆయన దేవదానం బోరింగులు బాగుచేసేవాడు. చేతిపంపులను మా వైపు బోరింగులంటారు. జీపులో పైపులూ రాడ్లూ వేసుకుని అడవి ఊళ్లకు పోయేవాడు. తిరిగొచ్చేటప్పుడు బోనకల్లు రైల్వే గేటు దాటగానే ఆ టైర్ల మోత ఇంట్లోకి వినిపించేది. తేనెటీగల గుంపేదో రోడ్డు వెంట వస్తున్నట్టు ఒకటే జుమ్మని. చెవులు తినేస్తున్నాయి, తీసేయమని ఎన్నిసార్లు గొడవపడ్డానో. తీయలేదు. ఆ మోత వినగానే లేచి కూర వేడిచేసేదాన్ని.

ఎందుకు బయలుదేరాం

కిందటి వానాకాలంలో ఆయన వాగు అవతల ఒక కోయ ఊళ్లో బోరింగు బాగుచేశాడు. నీళ్లు పడ్డాయి. ఆ బోరింగు పక్కనే కూలిపోయాడు. గుండె. కబురు అందగానే నేనూ నా మరిది శామ్యూలూ అతని తెల్ల కారులో బయలుదేరాం. శామ్యూల్‌కు ఖమ్మంలో సిమెంటు కొట్టు ఉంది. కారు పెద్దదే. టైర్లు మాత్రం దువ్వెన గీతల రోడ్డు టైర్లు. వాగు ఇంకా రాకముందే మట్టి దారిలో ఒక పల్లంలో దిగబడింది. చక్రం ఉన్నచోటే తిరిగింది.

నా మోకాళ్లు అప్పటికే అరిగిపోయి ఉన్నాయి. ఆ బురదలో నాలుగు అడుగులు కూడా వేయలేకపోయాను. శామ్యూల్ ఒక్కడే వానలో ముందుకు నడిచి వెళ్లి, తిరిగి వచ్చాడు. "వాగు నిండ పారుతున్నది వదినా. ఏ బండీ దాటదు," అన్నాడు. మర్నాడు ట్రాక్టరు వచ్చి కారును లాగేసరికి అక్కడ ఆయన్ని మట్టిలో పెట్టేశారు. శవం ఆగదని నాకూ తెలుసు. ముఖం మాత్రం చూడలేదు.

అప్పటి నుంచి నా వాదన ఒక్కటే. ఆ కారుకు మా ఆయన వేసే టైర్లుంటే ఆ పల్లం దాటేవాళ్లం. మొదట్లో శామ్యూల్, "పల్లం దాటినా వాగు దాటకపోదుము వదినా," అనేవాడు. తర్వాత తర్వాత జవాబు చెప్పడం మానేశాడు. పెళ్లిళ్లలో, కూడికల్లో, చర్చి మెట్ల మీద, ఎక్కడ కనిపిస్తే అక్కడ నేను టైర్ల మాట ఎత్తేదాన్ని. తలవంచుకుని వినేవాడు. చలికాలం వచ్చేసరికి తన కారుకు ఆల్ టెరైన్ టైర్లు వేయించాడు. ఇంటికీ సిమెంటు కొట్టుకూ మధ్య తిరిగే బండికి అవెందుకు? "ఇప్పుడొచ్చిందా బుద్ధి?" అని బంధువులందరి ముందూ అన్నాను. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

వాగు తగ్గాక, టైర్లు అరిగిపోయిన మా జీపును అతనే వెళ్లి తెచ్చాడు. నన్నూ రమ్మన్నాడు. ముఖం చూడనిదాన్ని మట్టి చూడ్డానికి రానని పట్టుబట్టాను. తర్వాత మోకాళ్లకు ఆపరేషనైంది. ఇంతలో ఏడాది దగ్గరపడింది. మా కుటుంబాల్లో పోయినవాళ్ల ఏడాది ప్రార్థన కూడిక నాటికి సమాధి మీద పేరున్న రాయి ఉండాలి. "అడివిల ఎవరు చూస్తరని రాయి? ఆ పైసలేందో చర్చికి ఇయ్యరాదు?" అంది మా ఆడపడుచు. ఆ మాటా నా దగ్గర భద్రంగా ఉంది. ఖమ్మంలో నల్లరాయి కోయించి పేరు చెక్కించాను. వానలు ముదిరితే వాగు దారి మూసుకుపోతుంది కాబట్టి తొలి వానలకే బయలుదేరాలనుకున్నాను. డ్రైవరును మాట్లాడుతుంటే శామ్యూల్ వచ్చి, "నేను ఉండంగ డ్రైవరెందుకు వదినా," అని తాళంచెవి తీసుకున్నాడు.

టేకులపల్లి

ఇల్లెందు దాటాక దారికి రెండు వైపులా చెట్లు దగ్గరపడ్డాయి. బండి వెనక గోనెసంచుల మీద రాయి పడుకుని ఉంది. టైర్లు కొత్తవి కదా, మోత ఇంకా గట్టిగా ఉంది. మాట్లాడినా వినిపించేది కాదు.

టేకులపల్లిలో చాయ్ కోసం ఆగాం. మిరపకాయ బజ్జీలు వేడిగా వేస్తున్నారు. మా బోనకల్లులో బజ్జీలతో ఉల్లిపాయ ముక్కలు అడక్కుండానే వేస్తారు. ఇక్కడ అడిగితే వేశారు, వేసినందుకు వేరే డబ్బు తీసుకున్నారు. బజ్జీ మాత్రం మావాటికన్నా పెద్దది, లోపల వాముపొడి కూరారు.

పక్క బల్ల మీద ఒక ముసలి లారీ డ్రైవరు కూర్చుని మా జీపునే చూస్తున్నాడు. లేచి వచ్చి టైరును కాలితో తన్ని చూశాడు.

"ఏందమ్మా, ముసలి జీపుకు పడుచు టైర్లేసినవ్! అడివి కొనటానికి పోతున్నవా ఏంది?"

"కొన్నాం. ఆరడుగులు," అన్నాను.

అతనికి అర్థం కాలేదు. శామ్యూల్‌కు అయింది. గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్లి బండిలో కూర్చున్నాడు. సగం చాయ్ వదిలేశాడు.

భద్రాచలం

సాయంత్రానికి గోదావరి వంతెన దాటాం. నీళ్లు అప్పుడే ఎర్రబడుతున్నాయి. వంతెన మీద చాలామంది జేబుల్లోంచి నాణేలు తీసి నదిలోకి వేస్తారు. బస్సుల్లోంచి కూడా వేస్తారు. మా ఆయన నాణెం వేసేవాడు కాదు, జీపు నెమ్మది చేసేవాడు, అంతే. శామ్యూల్ కూడా నెమ్మది చేశాడు. అన్నదమ్ములు కదా.

ఊరి బయట రోడ్డు పక్కన వెదురు బొంగుల్లో కోడికూర కాలుస్తున్నారు. బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకుతో మూతి మూసి, నిప్పుల మీద తిప్పుతారు. నూనె వేయరు. పొగ వాసన, పచ్చి వెదురు వాసన కలిసి ముక్కకు పడతాయి. మా ఇళ్లలో పండక్కి వండే కూరలో ఆ రుచి రాదు. కానీ అడిగినప్పుడు ఒక ధర చెప్పి, ఆకులో వేశాక ఇంకో ధర చెప్పింది ఆ అమ్మాయి.

"మంట మీద ఉన్నప్పుడు ఒక రేటు, దించినాక ఒక రేటా?" అన్నాను.

"నువ్వు అడిగింది చిన్న బొంగమ్మా. తిన్నది పెద్ద బొంగు," అంది నవ్వుతూ.

నేను ఇంకా అడుగుతుండగానే శామ్యూల్ డబ్బు ఇచ్చేశాడు. నాకు కోపం వచ్చింది. న్యాయం అడుగుతున్న మనిషి వెనక నుంచి చేయి చాపి డబ్బిస్తే, ఆ మనిషి అడగడం తప్పని చెప్పినట్టే. ఆ రాత్రికి అక్కడే లాడ్జిలో దిగాం.

పల్లం

మర్నాడు పొద్దున్నే దుమ్ముగూడెం దాటి మట్టి దారి పట్టాం. రాత్రి వాన పడింది. మట్టి దారి మొదలవగానే టైర్ల మోత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి మొదట బండి చెడిపోయిందేమో అనుకున్నాను.

పల్లాన్ని నేను గుర్తుపట్టాను. ఎడమ పక్క కూలిన మద్దిచెట్టు ఇంకా అలాగే పడి ఉంది. ఆ రోజు దాని బోదె మీదే కూర్చున్నాను. బురద ఆ రోజు లాగే నల్లగా, మెరుస్తూ ఉంది. శామ్యూల్ బండి ఆపి, నాలుగు చక్రాలూ తిరిగే గేరు వేసి, నెమ్మదిగా దింపాడు. ముందు చక్రాలు సగం దాకా మునిగాయి. నేను పైన పట్టుకున్న కడ్డీ వదల్లేదు. చక్రాలు ఒక్క క్షణం ఉన్నచోటే తిరిగాయి. తర్వాత దిమ్మల సందుల్లోంచి మట్టిపెళ్లలు లేచి టాపు మీద దబదబా పడ్డాయి. బండి ఎక్కేసింది. వెనక రాయి ఒక్కసారి కదిలి సర్దుకుంది.

ఏడాదిగా ఈ క్షణం కోసమే ఉన్నాను. "చూశావా?" అన్నాను.

"చూసిన వదినా," అన్నాడు. అద్దం మీద పడ్డ మట్టిని వైపరు తుడుస్తుంటే దాన్నే చూస్తున్నాడు. ఇంకేమైనా అంటాడని ఎదురుచూశాను. ఓడిపోయినవాడు ఒక మాటైనా అనాలి కదా.

వాగు

వాగులో మోకాలి లోతు నీళ్లున్నాయి. అడుగున మెత్తటి ఇసుక. ఇసుకలో పోవాలంటే టైర్లలో గాలి తగ్గించాలి. అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని దిగబడకుండా పోతుంది. కానీ బరువున్న బండికి గాలి తగ్గిస్తే టైరు నలిగి పాడవుతుంది. ఈ సంగతి ఖాజా భాయ్ ముందే చెప్పాడు: "రాయినన్న దించాలె, ఆశనన్న దించుకోవాలె."

శామ్యూల్ హారన్ కొట్టాడు. అవతల నుంచి మగవాళ్లు కొందరు మోకులూ దుంగలూ పట్టుకుని నీళ్లలో దిగి వచ్చారు. వాళ్ల ముందు ఒక పెద్దావిడ చీర మోకాళ్ల పైకి దోపుకుని నడిచి వచ్చింది. ముత్తమ్మ. మా ఆయన కూలిపోయినప్పుడు ఆయన తల ఈమె ఒళ్లోనే ఉందట. ఫోన్లో రెండుసార్లు మాట్లాడాను, చూడటం అదే మొదటిసారి.

"నువ్వేనా బోరింగు సారు పెండ్లానివి?" అని నా రెండు చేతులూ పట్టుకుని కిందికీ పైకీ చూసింది. "సారు చెప్పిండు, నువ్వు బాగ కోపిష్టిదానివని. గట్ల కనపడవు."

మగవాళ్లు రాయిని మోకులతో దుంగలకు కట్టి భుజాలకెత్తుకున్నారు. వాళ్ల భాషలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. ముత్తమ్మ నాకు తెలుగులో చెప్పింది: "సారు బతికున్నప్పుడు గింత బరువు లేడే అంటున్నరు." నాకూ నవ్వొచ్చింది. ఏడాదిలో మొదటిసారేమో తెలియదు.

శామ్యూల్ నాలుగు టైర్లలో గాలి తగ్గించాడు. నేనూ ముత్తమ్మా బండిలో కూర్చున్నాం. ఇసుకలో జీపు చాప మీద నడిచినట్టు పోయింది. గట్టెక్కాక, ముందు రాళ్ల దారి ఉంది, రాయిని మళ్లీ బండిలో వేయాలి. అందుకని శామ్యూల్ కాలి పంపు తీసి గాలి కొట్టడం మొదలుపెట్టాడు. రాయి మోస్తున్నవాళ్లు గట్టెక్కి, ఒక చదునైన చోట దాన్ని దించి ఊపిరి తీసుకున్నారు.

ముత్తమ్మ ఆ రాయి దగ్గరికి వెళ్లి నిలబడింది.

"సారును గూడ ఈడనే దించినం," అంది.

"ఎప్పుడు?"

"సచ్చిపోయిన దినం. నువ్వు బయలెల్లినవని ఫోన్ల చెప్పిండ్రు. వాగు నిండుగ ఉండె. నువ్వు దాటలేవు. మేం దాటలేం. అందుకని సారును మంచం మీద ఏసుకొని ఈడికి తెచ్చినం. తలకాడ ఎత్తు పెట్టినం. నువ్వు అవతల గట్టు మీద నిలబడితే కనపడాలెనని మొకం మీది బట్ట తీసినం. వాన పడకుండ నేను గొడుగు పట్టిన."

నేను అవతలి గట్టు వైపు చూశాను. మా బోనకల్లు స్టేషన్లో ఈ ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఆ ప్లాట్‌ఫారం మీద ఎవరున్నారో తెలుస్తుంది. గడ్డం చేసుకున్నారో లేదో కూడా తెలుస్తుంది. అంతే దూరం.

"పొద్దు గూకేదాక కూసున్నం. బండి సప్పుడొచ్చింది. వచ్చిండ్రు, వచ్చిండ్రు అని అందరం లేసి నిలబడ్డం. మల్ల ఆగిపాయె." ముత్తమ్మ శామ్యూల్ వైపు తిరిగింది. "జీపు కోసరం వచ్చిననాడు ఈ అయ్యకు చెప్పిన గద. నీకు చెప్పలేదా?"

పంపు చప్పుడు ఆగిపోయింది.

శామ్యూల్ టైరు పక్కన గొంతుక్కూర్చున్నాడు. తలెత్తలేదు.

"ఆ రోజు వాగు దాకా పోలేదా నువ్వు?" అన్నాను.

"పోలే వదినా. సగం దారిల గొడ్లు తోలుకొచ్చేటాయన ఎదురైండు. వాగు నిండ ఉన్నది, పోయి ఏం చేస్తవన్నడు. వాన గట్టిగ ఉండె. మర్లి వచ్చిన." పంపు గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. "పోయి చూస్తే, నిన్ను ఎత్తుకొనన్న తెచ్చేటోణ్ణి. నీకు ఎట్ల చెప్పాలె?"

"ఏడాది నుంచి నేను టైర్లు టైర్లని తిడుతుంటే వింటూ కూర్చున్నావా?"

"టైర్లనే తిట్టనీ అనుకున్న వదినా."

ఏడాదిగా కూడబెట్టుకున్న మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. అన్నీ టైర్ల మీదే. మనిషి మీదికి పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు. శామ్యూల్ మళ్లీ పంపు మీద కాలు వేశాడు.

ఊళ్లో

సమాధి బోరింగుకు దగ్గర్లోనే ఉంది. మట్టి కుంగిపోకుండా చుట్టూ గుండ్రాళ్లు పేర్చారు. తల వైపు రెండు పాత బోరింగు రాడ్లను అడ్డంగా తీగతో కట్టి సిలువలా పాతారు. ఏడాది వానకూ ఎండకూ తుప్పు పట్టాయి. మా చర్చివాళ్లు ఎవరూ వచ్చి చెప్పలేదు. ఆయన మెడలో ఉన్నది చూసి చేశారట. నల్లరాయి నిలబెట్టేందుకు ఆ రాడ్లు తీసేయమంటారా అని అడిగారు. వద్దన్నాను. రాయిని వాటి ముందు పడుకోబెట్టారు.

మేం సమాధి దగ్గర పువ్వులు పెట్టి ప్రార్థన చేస్తాం. వాళ్లలో ఒకతను ఇప్పసారా తెచ్చి నేల మీద కాస్త పోయబోయాడు.

"మా ఆయన తాగడు," అన్నాను.

"ఇప్పుడు ఏమన్న అంటడా?" అంది ముత్తమ్మ. పోయనిచ్చాను.

ప్రార్థన శామ్యూల్ చేయాలి, ఇంటి మగమనిషి. "ప్రభువా" అని మొదలుపెట్టి ఆగిపోయాడు. మా చర్చి ప్రార్థన ఇంతే ఉంటుందేమోనని వాళ్లంతా తలలు వంచుకుని నిలబడ్డారు. కాసేపయ్యాక నేనే "ఆమేన్" అన్నాను.

సొరకాయ బుర్రలో జొన్నజావ ఇచ్చారు. పుల్లగా, చల్లగా ఉంది. ముత్తమ్మ బోరింగు కొట్టి నా చేతుల మీద నీళ్లు పోసింది. రెండు కొట్లకే నీళ్లొచ్చాయి. మంచి పని చేసి పోయాడు.

తిరుగు దారి

మళ్లీ గాలి తగ్గించి, వాగు దాటి ఇవతలి గట్టెక్కగానే బండి ఆపమన్నాను. "నడుస్తాను," అన్నాను.

కొత్త మోకాళ్లతో గట్టు నుంచి ఆ పల్లం దాకా నడిచాను. అతను వెనకే నెమ్మదిగా బండి పోనిచ్చాడు. దారికి అటూ ఇటూ టేకుచెట్లు, ఒక మలుపు, ఒక చిన్న ఎత్తు, మళ్లీ దిగుడు. దూరమని ఏడాదిగా అనుకుంటూ వచ్చాను. పొయ్యి మీద పెట్టిన అన్నం ఉడికేలోపే కూలిన మద్దిచెట్టు కనిపించింది.

శామ్యూల్ దిగి వచ్చాడు. "ఏమన్న అను వదినా," అన్నాడు. "గిట్ల ఊకుంటే నేను తట్టుకోలేను."

"టైర్లలో గాలి తక్కువుంది," అన్నాను. "తారు రోడ్డు వస్తుంది. నింపు."

పంపు తీసుకున్నాడు. నేను ఆ బోదె మీద కూర్చుని, అతను నాలుగు టైర్లూ నింపేదాకా చూశాను.

తారు ఎక్కగానే మోత మొదలైంది. "అద్దం ఎక్కియ్యాల్నా? సప్పుడెక్కువున్నది," అన్నాడు. ఉండనీ అన్నాను. బోనకల్లు రైల్వే గేటు దాటేటప్పుడు ఎదురుగా మా ఇల్లు కనిపించింది. లైటు వేసి లేదు. మోత విని లేచేవాళ్లు లోపల ఎవరూ లేరు.

ప్రయాణం ఎలా సాగిందని ఆడపడుచు అడిగింది. టైర్లు బాగున్నాయని చెప్పాను. ఇది రాస్తున్నానని శామ్యూల్‌కు చెబితే, "ఉన్నదున్నట్టు రాయి వదినా," అన్నాడు. క్షమించానని ఎక్కడా రాయలేదు, అది అతను చూసుకోవచ్చు.

అటు వైపు పోయేవాళ్లు ఏ టైర్లు వేయించాలని నన్ను అడుగుతున్నారు. ఆల్ టెరైన్ వేయించండి. మోత భరించాలి, డీజిల్ ఎక్కువవుతుంది. బురదలో ఆగవు. వాగు పొంగితే ఏ టైరూ దాటించదు, ఆ మాట శామ్యూల్ నిజమే చెప్పాడు. ఇవి గట్టు దాకా తీసుకెళ్తాయి. ఆ రోజు నాకు కావలసింది అంత దూరమే.